మీటరు ఫొటో మన చేతిల సాక్ష్యం కావాలె

నెలకోసారి గల్లీల ‘కరెంటు బిల్లూ’ అని ఒక కేక వినబడుతది. భుజానికి సంచి, చేతిల చిన్న మిషిను పట్టుకొని ఒక పిలగాడు వస్తడు. గోడకున్న మీటరు డబ్బ దిక్కు చూస్తడు, మిషిన్ల అంకె ఎక్కించుకుంటడు, చీటీ చింపి గేటుకు చెక్కి పోతడు. అంతా కలిపి అరనిమిషం పని. ఆ అరనిమిషంల పడ్డ అంకెతోటే ఆ ఇంటి నెల ఖర్చు తేలుతది. అంకె పడేటప్పుడు ఇంటోళ్లు దగ్గర ఉండరు. ఉన్నా చూడరు. చూసినా, మీటరు మీద ఒకటెనుక ఒకటి మారే అంకెలల్ల తమ లెక్క ఏదో తెల్వది.

ఇది చిన్న ముచ్చటే కదా, ఉద్యమ పత్రికకు మీటరు రీడింగుతోటి పనేంది అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది. తెలంగాణ కొట్లాట మొదటి నుంచి లెక్కల కొట్లాటే. 1969ల మన మిగులు నిధులు ఎన్ని అని లెక్క అడిగితేనే లలిత్ కుమార్ కమిటీ, భార్గవ కమిటీ వచ్చినయి. 1985 డిసెంబర్ 30 నాడు 610 జీవో వచ్చినా, ఎవరి కొలువుల ఎవరు కూర్చున్నరో లెక్క తీయడానికి 2001ల గిర్‌గ్లానీ కమిషన్ దాకా ఆగవలసి వచ్చింది. లెక్క రాసే కలం ఒకని చేతిల, నష్టపోయే కడుపు ఇంకొకనిది. ఈ తేడాను పసిగట్టినోళ్లమే గనుక రాష్ట్రం అడిగినం, తెచ్చుకున్నం. రాష్ట్రం వచ్చినంక కూడా ఇంటి గోడ మీది లెక్క మనది కాకపోతె ఎట్ల?

మేమనే మాట సూటిది. తన మీటరును తానే ఫొటో తీసి, రీడింగు పంపే హక్కు ప్రతి వినియోగదారునికి ఉండాలె. అది కరెంటు సంస్థ దయతోటి తెరిచే యాప్ కిటికీ కావద్దు, బిల్లు మీద తగాదా వచ్చిననాడు నిలబడే సాక్ష్యం కావాలె. అదే సమయంల, ఈ ఫొటో పేరు జెప్పి రీడింగు తీసే పిలగాని కూడు తీసెయ్యవద్దు. ఈ రెండు మాటలు కలిపే అంటున్నం. ఒకదాన్ని పట్టుకొని ఇంకోదాన్ని ఇడిచిపెట్టేటోళ్లతోటి మాకు పేచీ ఉన్నది.

ఒక్క యూనిట్ ఖరీదెంత?

కరెంటు లెక్కల ఒక్క యూనిట్‌కు ఏముంటది అనుకునేటోళ్లు ఈ అంకెలు చూడాలె. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం ఇంటి కనెక్షన్‌కు నెలకు 100 యూనిట్ల లోపు కాలితె మొదటి 50 యూనిట్లకు 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10 రూపాయలు. అంటె 100 యూనిట్లకు 252.50. అదే 101 యూనిట్లు అయితె తరగతే మారిపోతది. మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, ఆ పైన 4.80 చొప్పున. మొత్తం 344.80. ఒక్క యూనిట్ ఎక్కువ కాలినందుకు 92 రూపాయలు చిల్లర.

200 కాడ చూడుండ్రి. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయితె మళ్లా తరగతి మారుతది. మొదటి 200కు 5.10 చొప్పున, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు! ఇందుల కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ కలపలేదు.

2024 ఫిబ్రవరి 27 నాడు గృహజ్యోతి మొదలైంది. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. మంచిదే. గని 200 దాటితె మొదటి యూనిట్ నుంచి మొత్తం కట్టాలె. అంటె పేదింటికి 200కు, 201కి మధ్య ఉన్న తేడా సున్నాకు, వెయ్యి రూపాయలకు మధ్య ఉన్న తేడా. వెయ్యి రూపాయలంటె ఇండ్లల్ల పని చేసే ఒక ఆడామెకు ఎన్ని దినాల చాకిరీ?

ఇప్పుడు రీడింగు తీసే తారీఖు ఎంత బరువైనదో ఆలోచించుండ్రి. ఒక ఇంట్ల దినానికి ఆరున్నర యూనిట్లు కాలుతున్నయనుకుందాం. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ, ఎండకాలం ఒక కూలరు, ఇంతే సంసారం. ముప్పయ్యో దినం రీడింగు తీస్తె 195 యూనిట్లు. సున్నా బిల్లు. బిల్లు కొట్టే పిలగానికి జ్వరం వచ్చి, మధ్యల ఆదివారం వచ్చి, ముప్పై మూడో దినం వస్తె 214 యూనిట్లు. రేటు ప్రకారం 1,127 రూపాయల 80 పైసలు. ఇంటోళ్లు చేసిన తప్పేంది? ఫ్యాను ఎక్కువ తిప్పలేదు, బుగ్గ ఎక్కువ వెలిగించలేదు. కాలెండర్ల మూడు దినాలు జరిగినయి, అంతే.

దినాలు ఎక్కువైతె స్లాబును కూడా దినాల లెక్కన సర్దాలె. అది న్యాయం. సర్దిండ్రా లేదా అన్నది బిల్లు చీటీ మీద చదువురాని మనిషి కూడా మనుమనితోటి చదివించుకొని అర్థం చేసుకునేటట్టు ఉండాలె. ఇయ్యాల మన చేతికొచ్చే చీటీ అట్లున్నదా? సన్న అక్షరాలు, పొట్టి మాటలు, వారం తిరిగే సరికి ఎండకు వెలిసిపోయే కాగితం. మీటరు ఫొటో వెలిసిపోదు. అందుల తారీఖు ఉంటది, గంట ఉంటది, అంకె ఉంటది. ముప్పయ్యో నాడు 195 ఉన్నదని ఇంటామె ఫోన్ల సాక్ష్యం ఉంటె, మాటకు బలం ఉంటది.

కరోనా నేర్పిన పాఠం

2020 మార్చిల లాక్‌డౌన్ పడ్డది. ఇంటింటికి తిరిగి రీడింగు తీసుడు ఆగింది. అంతకు ముందటేడు అదే నెల బిల్లు ఎంత వచ్చిందో అంతే కట్టమన్నరు. జూన్‌ల మళ్లా మిషిన్లు పట్టుకొని వచ్చి, మూడు నెలలది ఒక్కసారే రీడింగు తీసిండ్రు. బిల్లులు చూసి జనం గుండెలు బాదుకున్నరు. స్లాబు మారి భారం పడ్డదని వీళ్లు, దినాల లెక్కన సగటు తీసినమని సంస్థలు. ఆఖరుకు వాయిదాలల్ల కట్టుకోమన్నరు.

సగటు తీసుడే న్యాయమా? 2022 రేట్లతోటే ఒక లెక్క కట్టి చూద్దాం. ఒకింట్ల మార్చిల 90, ఏప్రిల్‌ల 90, మేల ఎండలకు 150 యూనిట్లు కాలినయనుకుందాం. ఏ నెలది ఆ నెల కడితె 221.50, 221.50, 580. మొత్తం 1,023 రూపాయలు. సగటు తీస్తె నెలకు 110 యూనిట్లు, 388 చొప్పున మూడు నెలలకు 1,164. సగటు పేరు మీద 141 రూపాయలు ఎక్కువ. రెండు నెలలు వందలోపు పొదుపుగ కాల్చుకున్న ఇల్లు, పొదుపు ఫలం పోగొట్టుకున్నది. ఏ నెల ఎంత కాలిందో చెప్పే అంకె సంస్థ కాడ లేదు, ఇంటోళ్ల కాడ లేదు. ఉన్నదల్లా ఒక్క మూడు నెలల ముద్ద. ఆ మూడు నెలలు ప్రతి ఇంటోళ్లు ఒకటో తారీఖున మీటరు ఫొటో ఒకటి తీసి పెట్టుకొని ఉంటె, ఆ తగాదా సగం ఆ దినమే తెగిపోయేది.

అదే కాలంల ఢిల్లీల, మహారాష్ట్రల కరెంటు సంస్థలు రీడింగును ఫొటో తీసి పంపుమని వినియోగదారులను అడిగినయి. మహారాష్ట్రల అయితె రీడింగు తీసే తారీఖు ఫలానా అని ముందే ఫోనుకు సందేశం పంపే పద్ధతి ఉన్నది. తమిళనాడుల 2021 మే నెల లాక్‌డౌన్‌ల మీటరు ఫొటోను వాట్సాప్‌ల పంపితె దాని ప్రకారం బిల్లు లెక్క కడతమని అక్కడి సర్కారు చెప్పింది. మన దగ్గర కూడా సొంత రీడింగు మాట వినబడ్డది గని, ఇయ్యాలటికి ఇంటింటికి వచ్చి బిల్లు కొట్టుడే నడుస్తున్నది. అంటె ఆపద వచ్చిననాడు జనం ఫొటో పనికొస్తది. ఆపద తీరినంక మళ్లా జనం మాట చెల్లదు. ఇదేం నీతి?

చట్టంల ఉన్నదే అడుగుతున్నం

మేం కొత్త కోరిక కోరుతలేం. 2020 డిసెంబర్ 31 నాడు కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. ఇంటికి తాళముండో, మరే కారణం తోటో వరుసగ రెండుసార్లు మీటరు చూడరాకపోతె, వినియోగదారుడు మీటరు ఫొటోను రీడింగు, తారీఖు కనబడేటట్టు తీసి తన రిజిస్టరు ఫోను నుంచి గని, ఈమెయిల్‌ల గని పంపుకోవచ్చని అందుల ఉన్నది. అట్ల పంపితె నోటీసు గని, అంచనా బిల్లు గని పంపవద్దని కూడా ఉన్నది. అంతేకాదు, ఒక ఆర్థిక సంవత్సరంల రెండు కంటె ఎక్కువ అంచనా బిల్లులు కొట్టవద్దు. అనుకోని ఉపద్రవాలు తప్ప, అట్లనే కొట్టుకుంట పోతె, అసలు రీడింగు ప్రకారం బిల్లు ఇచ్చేదాకా కట్టనని చెప్పే హక్కు వినియోగదారునికి ఉన్నది.

ఈ ముక్క మన ఊర్లల్ల ఎంతమందికి తెలుసు? కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల దిక్కు గల్ఫ్ పోయినోళ్ల ఇండ్లకు తాళాలుంటయి. పాలమూరు నుంచి బతుకపోయినోళ్ల ఇండ్లు ఆరు నెలలు మూసే ఉంటయి. బయటి గోడకు మీటరు ఉన్న ఇంటికి బాధ లేదు. వరండల, తలుపు లోపల మీటరు ఉన్న ఇంటికి ‘డోర్ లాక్’ రాసి అంచనా బిల్లు పోతది. పండుగకు వచ్చి చూస్తె బాకీ పేరుకొని ఉంటది. పక్కింటి తమ్ముని దగ్గర తాళంచెవి ఉంటది, ఆయన చేతిల ఫోను ఉంటది. ఒక్క ఫొటో తీసి పంపితె అయిపోయే పనికి, పండుగ సెలవులల్ల కరెంటాఫీసు చుట్టూ తిరుగవలసి వస్తున్నది.

మేమడిగేది ఈ నియమాన్ని తాళమేసిన ఇంటికే పరిమితం చెయ్యొద్దని. తాళం లేని ఇంటోనికి కూడా తన మీటరు తాను చూసి పంపే హక్కు ఉండాలె. మీటరు ఎవరి గోడ మీద ఉన్నది? పైసలు ఎవరు కడుతున్నరు?

‘జనం దొంగ లెక్క పంపుతరు’

ఈ మాట అనేటోళ్లు తప్పకుండ ఉంటరు. వాళ్లకు మీటరు ఎట్ల పని చేస్తదో తెల్వదన్నా కావాలె, తెలిసీ అంటున్నరన్నా కావాలె. మీటరు అంకె వెనుకకు పోదు. ఈ నెల 50 యూనిట్లు దాచి తక్కువ పంపినోడు, ఆ 50ని మీటరుల నుంచి తుడువలేడు. వచ్చే నెల అసలు రీడింగు తీస్తె అవి వచ్చి నెత్తిన పడుతయి, అది కూడా పై స్లాబుల. తక్కువ చెప్పినోనికి లాభం లేదు, నష్టమే. అనుమానం ఉంటె మూడు నెలలకోసారి వచ్చి సరి చూసుకోవచ్చు. ఎవరొద్దన్నరు?

ఇంకో మాట. మన రాష్ట్రంల వ్యవసాయ పంపుసెట్లు పాతిక లక్షల పైన ఉన్నయి. వాటికి మీటర్లు లేవు, ఉండవద్దనే మన పట్టుదల. కేంద్రం అదనపు అప్పుకు కరెంటు సంస్కరణల షరతు పెట్టిననాడు కూడా రైతు మోటరుకు మీటరు పెట్టమని తెలంగాణ తెగేసి చెప్పింది. ఆ వాడకాన్ని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీద నమూనా లెక్క తీసి అంచనా కడతరు. ఆ అంచనా మీదనే సబ్సిడీ, నష్టాలు, రేట్లు అన్నీ తేలుతయి. లేని మీటరు లెక్కను నమ్మి వేల కోట్ల పద్దు రాసేటోళ్లకు, ఉన్న మీటరు ఫొటో మీద నమ్మకం కుదరదా?

అసలు మన కరెంటు వాటానే మీటరు లెక్కల నుంచి పుట్టింది. రాష్ట్రం విడిపోయేముందు, 2014 మే 8 నాటి 20వ నంబరు జీవోల కరెంటు పంపకం గడిచిన ఐదేండ్ల వాడకం ప్రకారం తేల్చిండ్రు. తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రకు 46.11 శాతం. జనాభా లెక్కన పంచితె మనకు అంత రాకపోవు. మనం కాల్చింది ఎంతో అంకెల మీద ఉన్నది గనుకనే వాటా దక్కింది. ఆ వాటా మీద తర్వాత ఎన్ని పేచీలు పెట్టిండ్రో అందరికీ యాదికున్నది. అంకె చేతిల ఉన్నోడే నిలబడతడన్నది అప్పుడే తెలిసింది. రాష్ట్రానికి వర్తించిన నీతి ఇంటికి వర్తించదా?

బషీర్‌బాగ్‌ను మరువవద్దు

1999 ఫిబ్రవరి 1 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పు వెంట వచ్చిన సంస్కరణలతోటి విద్యుత్ బోర్డు ముక్కలైంది. జెన్కో, ట్రాన్స్‌కో అన్నరు, మరుసటేడు నాలుగు పంపిణీ సంస్థలన్నరు. ఆ వెంటనే చార్జీలు పెరిగినయి. 2000 ఆగస్టు 28 నాడు బషీర్‌బాగ్‌ల జనం మీద తుపాకులు పేలినయి. రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి నేలకొరిగిండ్రు. కరెంటు బిల్లు కోసం ప్రాణాలు పోయిన నేల ఇది. ఆ చార్జీల మీద రాసిన లేఖ తోటి మొదలైన మాట, 2001 ఏప్రిల్ 27 నాడు కొత్త పార్టీ పుట్టేదాకా పోయింది. కరెంటు బిల్లు ఈ గడ్డ మీద ఏనాడూ ఉట్టి కాగితం కాదు.

ఎందుకు యాది చేస్తున్నమంటె, ఆనాడు కూడా ‘సంస్కరణ’ అనే మాట ముద్దుగనే వచ్చింది. ఇయ్యాల ఫొటో రీడింగు అనే మాట కూడా ముద్దుగనే వస్తది. జనానికి సౌలతు అంటరు. నిజమే, సౌలతే. గని ఆ మాట వెనుక ఇంకో లెక్క ఉండవచ్చు. రీడింగు పని జనం మీదికి నూకి, బిల్లు కొట్టే మనుషులను తీసేసి, ఆ మిగులును తమ పద్దుల రాసుకునే లెక్క. దాన్ని మేం ఒప్పుకోం.

ఆ బిల్లు కొట్టే పిలగాడు ఎవరు? మన ఊరి పిలగాడే. ఇంటరో డిగ్రీయో చదివి, కొలువు రాక, కాంట్రాక్టరు కింద బిల్లుకు ఇంత అని రూపాయల లెక్కన పని చేసేటోడు. ఎండల తిరుగుతడు, కుక్కలకు భయపడుతడు, బిల్లు ఎక్కువ వచ్చిందని జనం తిట్టే తిట్లన్ని తానే తింటడు. రేటు తాను పెట్టలేదు, స్లాబు తాను గీయలేదు. నియామకాల కోసం కొట్లాడిన ఉద్యమం, ఆ పిలగాని నెత్తి మీద ఫోను పెట్టి వాని కొలువు తీసే పనికి చప్పట్లు కొడుతదా? కొట్టదు.

ఆ పిలగాండ్లకు చేసే పని లేకనా? ఊరూర వంగిన కరెంటు పోళ్లున్నయి, తెగివేలాడే సర్వీసు వైర్లున్నయి, కాలిన మీటర్లున్నయి, తిరుగని మీటర్లున్నయి. ఫొటో పంపుకునే ఇంటికాడ మిగిలిన గంటను, ఆగిన మీటరు చూసుడుకు, తప్పు బిల్లు దిద్దుడుకు పెట్టుండ్రి. బిల్లుకు ఇంత అనే కూలి తీసేసి నెల జీతం ఇయ్యుండ్రి. అప్పుడు ఆ పిలగాడే ముసలామె ఇంట్ల నిలబడి, ఆమెకు మీటరు చూసుడు నేర్పుతడు.

ఫోను లేనోళ్ల సంగతి

ఇంకో న్యాయమైన ప్రశ్న ఉన్నది. అందరి చేతుల ఫోన్లున్నయా? ఉన్నా అందరికీ ఫొటో తీసి పంపరాదు. కొడుకులు పట్నం పోయి, ఒక్కతే ఉన్న ముసలామె ఏం చేస్తది? అపార్ట్‌మెంట్ల సెల్లార్ల ముప్పై మీటర్లు వరుసగ ఉంటె, తన మీటరు ఏదో తెల్వని కిరాయిదారు ఏం చేస్తడు? అందుకే మేం అంటున్నది ‘హక్కు’ అని, ‘బాధ్యత’ అని కాదు. ఫొటో పంపితె దాని ప్రకారం బిల్లు కట్టాలె. పంపకపోతె ఎప్పటి తీరుగ మనిషి రావాలె. పంపలేదని జరిమానా గని, అంచనా బిల్లు గని ఉండవద్దు. మీటరు చూసే బాధ్యత సంస్థదే, సాక్ష్యం పెట్టే హక్కు జనానిది.

కిరాయిదార్ల బాధ వేరే ఉన్నది. పట్నంల చానమంది ఇంటి ఓనర్లు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు తమకు తోచిన రేటు వసూలు చేస్తరు. వాళ్ల మీటరును సంస్థ చూడదు, లెక్క పుస్తకం ఓనరు జేబుల ఉంటది. కిరాయికి దిగిన దినం, ఖాళీ చేసిన దినం మీటరు ఫొటో తీసిపెట్టుకునే అలవాటు ఒక్కటి ఉంటె, చాన పంచాయతీలు అక్కడికక్కడే తెగుతయి.

స్మార్ట్ మీటర్లు వస్తున్నయి గదా, ఇగ ఫొటోలెందుకు అని కొందరంటరు. 2021ల కేంద్రం 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్ల లక్ష్యం పెట్టుకున్నది. ఆ మీటరు తన రీడింగు తానే పంపుకుంటది. అంటె ఇప్పటిదాకా అరనిమిషమైనా మన గోడ ముందు నిలబడే మనిషి కూడా ఉండడు. అంకె మీటరు నుంచి కంప్యూటరుకు పోతది, మన ఫోన్ల పైసలు తగ్గుతయి, పైసలైపోతె బుగ్గ ఆరిపోతది. అప్పుడు జనం కాడ సొంత సాక్ష్యం ఇంకా ఎక్కువ కావాలె. మీటరు చూసుడు ఇయ్యాల అలవాటు చేసుకోకపోతె, రేపు అడిగే నోరు ఉండదు.

మేమడుగుతున్నది ఇదీ

పంపిణీ సంస్థలను, విద్యుత్ నియంత్రణ మండలిని, సర్కారును మేం అడుగుతున్నది దాపరికం లేని మాటలు.

ఒకటి, ప్రతి కనెక్షన్‌కు రీడింగు తారీఖు ముందే ఖరారు చేసి, ఒక దినం ముందు ఫోనుకు తెలుగుల సందేశం పంపాలె. రెండు, ఆ తారీఖున వినియోగదారుడు పంపిన ఫొటోను రీడింగుగ ఒప్పుకోవాలె, ముట్టినట్టు రసీదు నంబరు ఇయ్యాలె. మూడు, రీడింగు ఆలస్యమైతె, తారీఖు నాటి ఫొటో అంకెనే ఆ నెల లెక్కకు పట్టుకోవాలె, మిగిలిన యూనిట్లు వచ్చే నెల పద్దుల పడాలె. గృహజ్యోతి ఇండ్లకు ఇది ముందుగాల అమలు కావాలె. నాలుగు, ఎన్ని దినాలకు బిల్లు కొట్టిండ్రో, స్లాబు ఎట్ల సర్దిండ్రో చీటీ మీద పెద్ద అక్షరాలతోటి తెలుగుల రాయాలె. ఐదు, ఫొటో పేరు మీద ఒక్క రీడింగు కార్మికుని కూడా తీసెయ్యవద్దు.

అవి ఇచ్చేదాకా మనం ఊకోవద్దు. ఇప్పుడే చేయగలిగిన పని ఉన్నది. నెల నెల ఒక్క తారీఖు పెట్టుకొని మీటరు ఫొటో తీయుండ్రి. మీటరు నంబరు, అంకె రెండూ ఒక్క ఫొటోల పడాలె. కొత్త మీటర్ల తెర మీద తారీఖు, గంట, లోడు అన్నీ తిరుగుతుంటయి. కేడబ్ల్యూహెచ్ అని పక్కన కనబడే అంకె వచ్చేదాకా ఆగి తీయుండ్రి, అదే మన యూనిట్ల లెక్క. బిల్లు చీటీ వచ్చిననాడు దాన్ని కూడా ఫొటో తీసి, యూఎస్‌సీ నంబరు తోటి పక్కన పెట్టుకోండ్రి. ఈ నెల అంకెల నుంచి పోయిన నెల అంకె తీసేస్తె యూనిట్లు వస్తయి. ఐదో తరగతి పోరడు కూడా చేసే లెక్క.

తేడా వస్తె 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండ్రి. అక్కడ తెగకపోతె 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రతి పంపిణీ సంస్థకు వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉన్నది, దాని మీద అంబుడ్స్‌మన్ ఉన్నడు. కరెంటు కట్ చేస్తమని బెదిరిస్తె బెదరవద్దు. 56వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగ 15 దినాల నోటీసు ఇయ్యకుంట తీసెయ్యరాదు. తగాదా ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గని, గడిచిన ఆరు నెలల సగటు గని, ఏది తక్కువైతె అది నిరసన తెలుపుతూ కడితె, తగాదా తేలేదాకా కనెక్షన్ తీసెయ్యరాదు. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, చట్టంల రాసి ఉన్నవి. చదివి చెప్పేటోడు లేక పడి ఉన్నయి.

ఊరిల చదువుకున్న పిల్లలకు మా విజ్ఞప్తి. ఉద్యమంల ధూంధాంలు నడిపినోళ్లు, వంటా వార్పుల కూర్చున్నోళ్లు, సకల జనుల సమ్మెల నిలబడ్డోళ్లు మీ ఇండ్లల్లనే ఉన్నరు. నెలకు ఒక దినం వాడల తిరిగి, ఫోను లేని ముసలోళ్ల మీటర్లు ఫొటో తీసి, అంకెను గోడ మీది కాలెండర్ల తారీఖు పక్కన రాసి రండ్రి. ఆ కాలెండరే రేపు ఫిర్యాదుల వేదికల సాక్ష్యమైతది.

రాష్ట్రం లెక్క మన చేతికి రావడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. ఇంటి లెక్క మన చేతికి రావడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషం మీటరు ముందు మనమే నిలబడదాం.

జై తెలంగాణ!